తవిటయ్య రిజెక్టు చేసిన కిటికీలు

తవిటయ్య చొక్కా జేబులో పెన్ను ఉండదు. ఎర్ర సుద్దముక్క ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యారేళ్ళు పనిచేశాడు, అందులో ఆఖరి పధ్నాలుగేళ్ళూ రోలింగ్ మిల్లు ఇన్‌స్పెక్షన్‌లో. మిల్లులోంచి వచ్చిన ఇనుప కడ్డీల చుట్టలు వరసగా పడి ఉంటే, చేతులు వెనక్కి కట్టుకుని వాటి మధ్య నడుచుకుంటూ పోయేవాడు. ఎక్కడో ఒకచోట ఆగేవాడు. సుద్ద తీసి ఇంటూ గీసేవాడు. అంతే, ఆ చుట్ట ఒక్కటే కాదు, దానితోపాటు వచ్చిన లాటంతా వెనక్కి పోవాల్సిందే. ఇంజనీర్లు వచ్చి బతిమాలినా వినేవాడు కాదు. తవిటయ్య గీసిన ఇంటూ చెరిపే మొనగాడు ఆ మిల్లులో లేడని చెప్పుకునేవారు. రిటైరైన రోజున శాలువా కప్పి, గోడ గడియారం చేతిలో పెట్టి పంపేశారు. సుద్దముక్క గురించి ఎవరూ అడగలేదు. అది జేబులోనే ఉండి ఇంటికి వచ్చేసింది.

అతని భార్య తాయారు. మేనమామ కూతురు కాబట్టి పెళ్ళికి ముందూ అతన్ని బావ అనే పిలిచేది, పెళ్ళయ్యాకా బావ అనే పిలిచేది. ఆమె తమ్ముడు ఎల్లారావుకి కూడా అతను బావే. పిల్లలు కలగలేదు. ఆ ముగ్గురూ ఒకరికొకరు, అంతే లోకం. కూరగాయల బండి దగ్గర తవిటయ్య ఒక్కో వంకాయనీ వెలుగులో తిప్పి తిప్పి చూస్తుంటే తాయారు పక్కన నిలబడి నవ్వేది. "ఆ వంకాయలకి కూడా ఇంటూలెట్టీ బావా, బండోడు లాటంతా ఎనక్కి తోలుకుపోతాడు" అనేది. మొగుణ్ణి ఆటపట్టించడంలో ఆమెకి ఉన్న సరదా మరి దేనిలోనూ ఉండేది కాదు.

రిటైరయ్యాక ఉక్కునగరంలో కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి గాజువాకలో అద్దె వాటాలో దిగారు. కింద వీళ్ళు, మేడమీద ఇంటి యజమాని సన్యాసిరాజు కుటుంబం. అగనంపూడి అవతల ఎప్పుడో కొనుక్కున్న నూట ఇరవై గజాల స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండానే స్లాబు పడింది, గోడలకి ప్లాస్టరింగూ అయింది. ఇక తలుపులూ కిటికీలే మిగిలాయి. సరిగ్గా అప్పుడే తాయారుకి దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం, తర్వాత నడిస్తే ఆయాసం, ఆ తర్వాత మాట్లాడినా ఆయాసమే. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, మందు లేదని పెద్దాసుపత్రిలో చెప్పారు. ఎన్నాళ్ళు అని తవిటయ్య అడిగితే డాక్టరు చూపు తప్పించి, వర్షాలు పడేదాకా అనుకోండి అన్నాడు. ఆక్సిజన్ మిషను ఒకటి ఇంటికి తెచ్చుకున్నారు. పగలూ రాత్రీ అది గుర్రుమంటూనే ఉండేది.

ఆ శబ్దం మేడమీదికి వినిపించకుండా ఉంటుందా? రెండోరోజే సన్యాసిరాజు దిగి వచ్చాడు. చెడ్డవాడు కాదు. చేతిలో బత్తాయిల సంచీ కూడా ఉంది. సంచీ పక్కన పెట్టి వీధరుగు మీద కూర్చున్నాడు.

"తవిటయ్యా, మరోలా అనుకోకు. మా కోడలికిప్పుడు ఆరో నెల. ఆ టైమొచ్చినప్పుడు... నీకు నాను సెప్పాలేటి" అన్నాడు.

చెప్పక్కర్లేదు. ఈ ఊళ్ళో అద్దెకుండే ప్రతివాడికీ తెలిసిన సంగతే అది. అద్దె ఇంట్లో పుట్టొచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, ముసలివాళ్ళయిపోవచ్చు. చావకూడదు. నక్షత్రం మంచిదైతే సరే, కాకపోతే మనిషి పోయిన ఇల్లు మూడునెలలో ఆర్నెల్లో తాళం పెట్టి వదిలేయాలి. కింద వాటాలో పోతే మేడమీదవాళ్ళు కూడా మూటాముల్లే సర్దుకుని రోడ్డెక్కాలి. పోయే ప్రాణం పంచాంగం చూసుకుని పోదు కాబట్టి, ఇంటివాళ్ళు ముందే జాగ్రత్త పడతారు. ఊపిరి అందని మనిషిని మంచంతో సహా ఎత్తి వీధిలో పెట్టిస్తారు. దీన్ని తప్పనేవాడు ఎవడూ లేడు. తన ఇంటిదాకా వస్తే అందరూ సన్యాసిరాజులే.

అంతకు ముందు ఏడాది ఆ వీధిలోనే ఒక ఆటో డ్రైవరు తండ్రిని అలాగే పెట్టారు. మే నెల ఎండ. నాలుగు కర్రలు పాతి పైన చీర కట్టారు. ముసలాయన దాని కింద ఒకటిన్నర రోజు బతికాడు. స్కూటర్లు హారన్ కొట్టుకుంటూ మంచం పక్కనుంచే పోయేవి. తాయారు మజ్జిగ తీసుకెళ్ళి చెంచాతో పోసి వచ్చింది. ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని కలపకుండా ఉండిపోయింది.

"నన్నలా రోడ్డుమీదెట్టకు బావా" అంది. అప్పటికి ఆమెకి దగ్గు కూడా లేదు.

ఇప్పుడు ఆ మాట తవిటయ్య చెవుల్లో ఆ మిషనుతోపాటే మోగుతూ ఉండేది. బతికించుకోలేనని అతనికి తెలుసు. సొంత ఇంట్లో, సొంత గదిలో, తన గుమ్మంలోంచి సాగనంపడం ఒక్కటే చేతిలో ఉంది. దానికి గృహప్రవేశం జరగాలి. పంతులుగారు పంచాంగం తిప్పి ఏప్రిల్ ఇరవయ్యారు అన్నారు. అది దాటితే మూఢం, మూఢం వెంటనే ఆషాఢం. మళ్ళీ శ్రావణమాసంలో, అంటే ఆగస్టులోనే ముహూర్తాలు. పైగా కప్పు వెయ్యని ఇంట్లో, తలుపుల్లేని ఇంట్లో పాలు పొంగించకూడదని కూడా ఆయనే చెప్పారు. కప్పు ఉంది. తలుపులు లేవు. అప్పుడు మార్చి రెండోవారం.

ఎల్లారావుకి పాత గాజువాకలో అల్యూమినియం కొట్టుంది, కాపురం మాత్రం అతనిదీ అద్దె ఇంట్లోనే. కొట్టంటే పెద్దగా ఊహించుకోవద్దు. ముందు నాలుగు అద్దాలు, వెనక రేకుల షెడ్డులో కోత మిషను, గోడకి ఆనించిన పొడుగాటి అల్యూమినియం పట్టీలు. తాయారుని ఆటోలో తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్న సిలిండరు ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు. ఎల్లారావు నమూనా ముక్కలు ఒక్కొక్కటే ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఇది ఉత్తది, రంగు లేదు. సముద్రపు గాలికి రెండేళ్ళలో తెల్లమచ్చలు పడిపోతాది. ఇది తెల్లరంగు. కొట్లో సరుకుంది, వారంలో బిగించీగలను. అక్కా, ఇదే తీసుకో."

తాయారు తెల్లదాన్ని పక్కన పెట్టింది. "ఆసుపత్రి గుర్తొత్తంది" అంది.

తర్వాత ఒక ముక్క చేతిలోకి తీసుకుంది. లేత బంగారు రంగు. షెడ్డు నీడలో మామూలుగానే ఉంది. ఆమె దాన్ని ఎండలోకి చాపి తిప్పింది. లోపల సన్నటి మెరుపు కదిలింది. ఆమె ముఖం అలా విప్పారడం తవిటయ్య చూసి నాలుగునెలలు దాటింది.

"కోతకొచ్చిన సేను రంగు" అంది తాయారు.

ముప్ఫయ్యారేళ్ళు ఆమె కంపెనీవాళ్ళు పూసిన పచ్చరంగు ఇనుప కిటికీల వెనక కాపురం చేసింది. వానాకాలం అవి బిగుసుకుపోతే రోకలిబండతో కొట్టి తెరిచేది. మూడేళ్ళకోసారి కంపెనీ మనుషులొచ్చి అదే పచ్చరంగు పూసిపోయేవారు, నీకేం రంగు కావాలమ్మా అని ఒక్కనాడూ అడగలేదు. ఇప్పుడు ఎవరో అడిగారు. ఆమె చెప్పింది. తవిటయ్య ఇంకేం ఆలోచిస్తాడు?

ఎల్లారావు ఆలోచించాడు. బావని షెడ్డు వెనక్కి పిలిచాడు.

"బావా, అది మెటాలిక్. పూతలో సన్న లోహప్పొడి కలుత్తాది. అచ్యుతాపురం తోలి పూయించాలి, నెలరోజులు. అన్నీ ఒకే పొడితో ఒకేసారి పూయకపోతే రంగు తేడా వచ్చీసుద్ది. తెల్లదైతే ఏ గొడవా లేదు. మనకి టైము లేదు గదా" అన్నాడు.

"నెలలో వత్తాది గదా? ఏప్రిల్ పదిహేనుకి వచ్చీసినా పదకొండు రోజులుంటాది" అన్నాడు తవిటయ్య.

"వత్తాదిలే" అన్నాడు ఎల్లారావు. అక్క వైపు చూశాడు. ఆమె ఆ ముక్కని ఇంకా ఎండలో తిప్పుతూనే ఉంది. ఇంటికొచ్చేటప్పుడు కూడా వదల్లేదు, కొంగులో చుట్టుకుని తెచ్చుకుంది. తలుపు కింద గడప మాత్రం వేపచెక్కది పెట్టించమంది, శుక్రవారం శుక్రవారం పసుపు రాసుకోవాలట. ఎన్ని శుక్రవారాలున్నాయని అడిగే ధైర్యం ఎవరికుంది?

చెప్పినట్టే ఏప్రిల్ పదిహేనున సరుకొచ్చింది. ఎల్లారావు పట్టీలు కోసి, మూలలు కలిపి, ఏడు కిటికీలూ రెండు తలుపులూ బిగించి షెడ్డు ముందు వరసగా నిలబెట్టాడు. అన్నీ నాలుగు బై నాలుగు కిటికీలు. ముందు గుమ్మానిది, పెరటిదీ తలుపులు. బావకి ఫోను చేసి, "వచ్చి సూడు, ఎలాగుందో" అన్నాడు. ఆ పిలుపే కొంప ముంచింది. సూడు అని తవిటయ్యతో ఎవరైనా అంటారా?

తవిటయ్య వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. వరస మొదట్నుంచి చివరికి, చివర్నుంచి మొదటికి నడిచాడు. ప్రతి కిటికీ మీదా అంటించిన ప్లాస్టిక్ పొర ఒక మూల లేపి చూశాడు. నాలుగోదాని దగ్గర ఆగాడు. ఆరోదాని దగ్గర ఆగాడు. కాస్త వంగి ఎండకి అడ్డంగా చూశాడు. జేబులోంచి సుద్ద తీశాడు.

"బావా, ఒద్దు" అన్నాడు ఎల్లారావు.

గీసేశాడు. నాలుగోదాని మీద ఒకటి, ఆరోదాని మీద ఒకటి, ఎర్రటి ఇంటూలు.

"ఈ రెండూ ఎరుపు తిరిగినాయి. మిగతావాటితో కలవట్లేదు."

"నాకు కనబడట్లేదే!"

"నీకు కనబడదు. పధ్నాలుగేళ్ళు ఇదే పని సేసేను నాను."

"సరే, ఎరుపే అనుకో. ఇప్పటికి బిగించీదాం. పాలు పొంగించీసి, శ్రావణంలో తీరిగ్గా మార్చుకుందాం. ఆ రెండూ పెరటివేపు ఎట్టీనా సరే."

"పాస్ చేసిన సరుకు తరవాత మారుత్తారేటి? రెండు మారిస్తే మాత్రం కొత్త రెండూ పాతవాటితో కలుత్తాయా, నువ్వే సెప్పేవు గదా? లాటంతా ఎనక్కి తోలీ. మీ అక్క బతుకులో ఒక్కటంటే ఒక్కటి అడిగింది. అదైనా సరిగ్గా ఉండద్దేటి?"

ఇక్కడ తవిటయ్య మీద కోపం రాని మనిషి ఉండడు. నాకూ వస్తుంది. కానీ ఆ ఎండలో, ఆ కిటికీల ముందు నిలబడ్డప్పుడు అతనికి ఉన్నది మొండితనం ఒక్కటే కాదు. పెళ్ళానికి మందు తేలేకపోయాడు, ఊపిరి తేలేకపోయాడు. తనకి బాగా చేతనైన పని ఒకటుంది, అది చేశాడు. మిల్లులో ఒక్క కడ్డీ తప్పయితే లాటంతా వెనక్కి పంపడం ఎలా న్యాయమో, ఇక్కడా అదే న్యాయమనుకున్నాడు. పైగా పదకొండు రోజులుంది. కొత్త పట్టీల కోసం అచ్యుతాపురం పూత కంపెనీకి తనే ఫోను చేశాడు. అవతలి సూపర్‌వైజరు ఎంతో మర్యాదగా, "నాలుగు రోజుల్లో పూసి ఇచ్చేత్తామండి" అన్నాడు.

నాలుగు రోజులూ అయ్యాయి. ఆ రంగు పొడి అయిపోయింది, హైదరాబాదు నుంచి రావాలి అన్నారు. మూఢం ముందు ఆఖరి ముహూర్తం కాబట్టి జిల్లాలో ఇళ్ళు కట్టేవాళ్ళందరికీ అదే తొందర. ఇరవయ్యో తారీకున పొడి బయల్దేరిందన్నారు. ఇరవయ్యారు ముహూర్తమైతే, ఇరవై నాలుగున పొడి చేరిందన్నారు. ఇరవయ్యైదు పొద్దున్న తవిటయ్య మొదటి బస్సుకే అచ్యుతాపురం వెళ్ళి ఆ కంపెనీ గేటు ముందు నిలబడ్డాడు. మధ్యాహ్నానికి పట్టీలు పొయ్యిలోంచి బయటికొచ్చాయి. అన్నీ ఒకే రంగు. చూసి ఏడుపొచ్చింది అతనికి. వాటిని గాజువాక చేర్చి, కోసి, కూర్చి, తీసుకెళ్ళి బిగించడానికి మూడురోజులు కావాలి. ఉన్నది ఒక్క సాయంత్రం.

ఎల్లారావు రేకులైనా అడ్డం కట్టేద్దామన్నాడు. తాయారు మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఇద్దరి మొహాలూ చూసింది. రంగు కంపెనీవాళ్ళు ఆలస్యం చేశారని తవిటయ్య చెప్పాడు. సుద్ద సంగతి చెప్పలేదు.

"రేకులు కట్టిన కొంపలో పాలు పొంగిత్తానేటి? ఒద్దులే బావా" అంది. కాసేపు ఊపిరి తీసుకుని, "శ్రావణం ఎంతదూరం?" అంది.

ఎంతదూరమో ముగ్గురికీ తెలుసు. ఎల్లారావు బయటికెళ్ళిపోయాడు. తవిటయ్య మిషను దగ్గర కూర్చుని, బాగానే తిరుగుతున్న దాని మీటలు సర్దుతూ ఉండిపోయాడు.

మే మొదటివారంలో కిటికీలు బిగించారు. తవిటయ్య మళ్ళీ పంతులుగారి దగ్గరికి వెళ్ళాడు, మనిషి పరిస్థితి ఇదీ, మూఢమైనా ఏదో ఒక దారి చెప్పండి అని. ఆయన మంచి మనిషే. దండం పెట్టుకుని వెళ్ళి ఉండిపొమ్మని చెప్పడానికి నోరు రాలేదు, వద్దనడానికీ రాలేదు. "ఆవిడ మనసు కనుక్కో నాయనా" అన్నారు. ఆవిడ మనసు ఒకటే మాట చెప్పింది. "నా ఇంట్లోకి నాను దొంగలా దూరడమెందుకు? పాలు పొంగించే వెళ్తాను. లేకపోతే లేదు." సొంత ఇల్లు అనే మాటకి ఆమెకి తెలిసిన అర్థం అదే. గడపకి పసుపు, పొయ్యి మీద పాలు, నలుగురికీ భోజనం. ఆ మూడూ లేకుండా అది మరో క్వార్టరే.

అయినా మే నెలాఖరున ఒకసారి చూస్తానంది. ఎల్లారావే ఆటో మాట్లాడి తెచ్చాడు. ఇంటి ముందు ఆపి, తాళం తీస్తానన్నాడు. తాయారు వద్దని చెయ్యి ఊపింది. ఎల్లారావు గేటు దగ్గరికి నడిచాడు. ఆటోలో మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఉన్నారు. పడమటెండ తిన్నగా ఇంటి ముఖం మీద పడుతోంది. ఏడు కిటికీల్లో వీధికి కనబడేవి నాలుగు. నాలుగూ, మధ్యలో తలుపూ, ఒకేలా మెరిశాయి.

"అన్నీ ఒకే రంగు" అంది తాయారు.

"ఊఁ" అన్నాడు తవిటయ్య.

"మొదట వచ్చినవి ఎలాగుండేవి?"

అతను తల తిప్పి చూశాడు.

"తమ్ముడు సెప్పేసేడులే. రెండు కిటికీలు ఎరుపు తిరిగినాయట గదా. ఎంత ఎరుపు?"

"కొంచెం."

"నాకు తెలిసీదా బావా?"

తవిటయ్య అబద్ధం ఆడదామనుకున్నాడు. తెలిసేది అని ఒక్క మాట అంటే తన మానం దక్కుతుంది. కానీ లేని మచ్చని ఉందనడం అతనికి జీవితంలో అలవాటు లేదు.

"తెలిసీది కాదు" అన్నాడు.

తాయారు తిట్టి ఉంటే బాగుండేది. ఆమె అతని చేతిని తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. ఆ జేబులో సుద్దముక్క ఉందో లేదో తడిమి చూసి నవ్వబోయింది, దగ్గు వచ్చింది. ఆటో తిరిగి గాజువాక బయల్దేరింది.

జూలై రెండోవారంలో ఒక పొద్దున్న మిషను తిరుగుతున్నా ఆమె గోళ్ళు నల్లబడ్డాయి. ఆసుపత్రికి తీసుకొచ్చినా చేసేదేమీ లేదని డాక్టర్లు ముందే చెప్పి పంపారు. సన్యాసిరాజు మెట్ల మీద నిలబడ్డాడు. కిందికి రాలేదు, పైకీ వెళ్ళలేదు. అతని కోడలికి నెల కిందటే మగపిల్లాడు పుట్టాడు, లోపల ఏడుస్తున్నాడు. తవిటయ్య అతని వైపు చూసి తల ఊపాడు. పోనీ అగనంపూడి వెళ్ళిపోదామా అని తాయారు చెవిలో అడిగాడు. ఆమె కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపింది.

మంచంతో సహా ఎత్తి వీధిలో పెట్టారు.

చినుకులు పడుతున్నాయి. కరెంటు స్తంభానికీ గేటుకీ మధ్య టార్పాలిన్ కట్టింది సన్యాసిరాజే. తన కిటికీలోంచి వైరు లాగి మిషనుకి కరెంటు ఇచ్చిందీ అతనే. తడవకుండా దాని మీద గొడుగు పట్టుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా మూడుగంటలు నిలబడ్డాడు. అంత మంచివాడు, రెండడుగులు లోపలికి మాత్రం రానివ్వలేకపోయాడు. స్కూలు ఆటోలు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి పోయాయి. తాయారు కొంగు ముడిలో ఆ బంగారురంగు ముక్క ఉంది. తవిటయ్య ఆమె కాళ్ళ మీద దుప్పటి సర్దుతూ, రోడ్డుకీ మంచానికీ మధ్య తను నిలబడ్డాడు. పదిన్నరకి పోయింది. రోడ్డు మీదే పోయింది.

కబురందుకుని పంతులుగారు వచ్చారు. టైము అడిగి, వేళ్ళ మీద లెక్కపెట్టి, పెదవి విరిచారు.

"నక్షత్రం బాగులేదు. ఆర్నెల్లు ఇల్లు మూయాలి. ఏ ఇంట్లో పోయింది?"

మెట్ల మీదున్నవాళ్ళు, గేటు దగ్గరున్నవాళ్ళు, అందరూ తవిటయ్య వైపే చూశారు.

"ఏ ఇంట్లోనూ కాదండి" అన్నాడు తవిటయ్య.

"అయితే ఏ ఇల్లూ మూయక్కర్లేదు" అన్నారు పంతులుగారు. మేడ మెట్ల మీద ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

శ్రావణం వచ్చింది. ముహూర్తాలూ వచ్చాయి. పెళ్ళాం లేనివాడు పీటల మీద కూర్చోకూడదు కాబట్టి, మేం దంపతులం కూర్చుని పాలు పొంగిస్తామని ఎల్లారావు అడిగాడు. తవిటయ్య తర్వాత చూద్దామన్నాడు. ఆ తర్వాత అన్నది రానేలేదు. ఏ ఇల్లూ మూయక్కర్లేదన్నారు గానీ, అగనంపూడి ఇల్లు మూసే ఉంది. అతను సన్యాసిరాజు కింద వాటాలోనే ఉన్నాడు. వారానికోసారి బస్సెక్కి వెళ్ళి, గాలికి పేరుకున్న నల్లటి దుమ్ము తడిగుడ్డతో బయటినుంచే తుడిచి వచ్చేస్తాడు.

కార్తీకంలో ఒకనాడు షెడ్డులో టీ తాగుతూ ఉంటే అడిగాడు, "ఎల్లారావూ, ఆ మొదటి లాటు ఏటి సేసేవు?"

ఎల్లారావు గ్లాసు కింద పెట్టాడు. పెదగంట్యాడలో ఒకాయనకి అవే సైజులట. తలుపులు అందక కంగారుపడుతుంటే, ఇంటూలు గీసిన మర్నాడే ఇచ్చేశాడట. ఆయన బిగించుకుని, ఆ ఏప్రిల్ ఇరవయ్యారు ముహూర్తానికే లోపలికెళ్ళాడట.

మర్నాడు పొద్దున్న తవిటయ్య పెదగంట్యాడ వెళ్ళాడు. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మూల స్థలం, రెండు వైపులా రోడ్డు. ఏడు కిటికీలూ బయటికే ఉన్నాయి. ఎండ బాగా కాస్తోంది. ఎదురుగా కొబ్బరిబొండాల బండి పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఒకటో కిటికీ చూశాడు, రెండోది చూశాడు. ప్లాస్టిక్ పొర ఎప్పుడో ఒలిచేశారు, సుద్ద గీతలు దానితోపాటే పోయాయి. మూల తిరిగి రెండో రోడ్డు వైపు వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. పొద్దెక్కింది. ఎండ అడ్డం నుంచి నెత్తిమీదికి వచ్చింది. ఎరుపు తిరిగిన ఆ రెండూ ఏవో అతనికి తెలియలేదు. ఏడూ కోతకొచ్చిన చేను రంగులోనే ఉన్నాయి.

ఒక కిటికీ తెరుచుకుంది. లోపల మంచం మీద బాగా ముసలామె ఒకతె దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. కిటికీ తెరిచిన కోడలు కాబోలు, అనుమానంగా చూసింది.

"ఎవరు కావాలి బాబూ? పొద్దున్నుంచి సూత్తన్నాను, ఇక్కడిక్కడే తిరుగుతన్నారు."

"కిటికీలు సూత్తన్నానమ్మా" అన్నాడు తవిటయ్య.

"ఏటి, ఏవైనా బాగోలేదా?"

తవిటయ్య చెయ్యి జేబులోకి వెళ్ళింది. అక్కడున్న సుద్దముక్కని పొడి అయ్యేదాకా వేళ్ళతో నలిపాడు.

"లేదమ్మా. అన్నీ బాగున్నాయి" అన్నాడు.